విడా ఓడలో పేరు లేని మనుషులు

సముద్రపు దొంగల ఓడ గురించి పాఠం చెప్పడం సులువు. మసాచుసెట్స్‌లో ఏడో తరగతి పిల్లలకు బోర్డు మీద తెరచాప ఓడ ఒకటి గీసి చూపిస్తే చాలు, క్లాసు దానంతట అదే సద్దుమణుగుతుంది. 1984లో కేప్ కాడ్ తీరం దగ్గర డైవర్లకు ఇసుక అడుగున విడా గ్యాలీ అనే ఓడ ఆనవాళ్ళు దొరికాయని పేపర్లలో వచ్చింది. సిలబస్‌లో లేకపోయినా ఆ ఏడాది ఒక వారం దానికే ఇచ్చాను.

"మిసెస్ ఎస్, బంగారం ఎంత దొరికింది?" అని మొదటి రోజే అడిగాడు వెనక వరుసలో ఒకడు. మా ఇంటిపేరు నోరు తిరగక పిల్లలు నన్ను మిసెస్ ఎస్ అంటారు.

"ఓడలో మనుషులెంతమంది అని అడగవేం?"

"మనుషుల్ని మ్యూజియంలో పెట్టరు కదా!"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత బోర్డు వైపు తిరిగి రాశాను: ఓడలో ఉన్నవారు నూట నలభై మందికి పైగా. బతికినవారు ఇద్దరు.

'ఇద్దరు' కింద గీత గీశాను. పిల్లలకు అది పరీక్షలో రాబోయే జవాబు. నేను మాత్రం ఆ మాటను ఇంటికి తీసుకుపోయాను.

నా భర్త జగన్మోహన్ బాస్టన్ నుంచి ఉత్తరాన చిన్న చిన్న రేవులకు తిరిగే ఒక సరుకుల ఓడలో సెకండ్ ఇంజినీరు. 1978 ఫిబ్రవరిలో, ఈ రాష్ట్రం ఇప్పటికీ చెప్పుకునే మంచు తుఫానులో, ఆ ఓడ కనిపించకుండా పోయింది. మునిగిపోయిందని అధికారులు రాశారు. కొందరి శరీరాలు దొరికాయి. ఆయనది దొరకలేదు. కొన్నాళ్ళకు ఆ ఓడ తాలూకు రబ్బరు తెప్ప ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఖాళీగా ఉంది. అయితే అందులోని మంచినీళ్ళ డబ్బాల్లో ఒకటి తెరిచి ఉందని నాతో ఒక ఆఫీసరు చెప్పాడు. ఎవరో ఆ తెప్ప ఎక్కారు. కొంతసేపైనా బతికి ఉన్నారు.

ఆ తెరిచిన డబ్బాను పట్టుకుని ఏడేళ్ళు గడిపాను.

ఆయన లేరని కోర్టు వాళ్ళు ఇచ్చిన కాగితాన్ని అవసరమైన చోట చూపించాను. మెడలో సూత్రాలు తీయలేదు, బొట్టు మానలేదు. ఎవరైనా అడిగితే "ఆయన రాలేదు" అని చెప్పేదాన్ని. అంతకంటే పెద్ద మాట వాడలేదు. స్కూల్లో కొందరు మేం విడిపోయామనుకున్నారు. నేను సరిదిద్దలేదు. మాకు పిల్లలు లేరు. న్యూ బెడ్‌ఫర్డ్‌లో మా వాటా మేడ మీద. వరండాలోంచి చేపల పడవలు రేవులోకి రావడం కనిపిస్తుంది. వాటిని చూడకుండా ఉండటానికి కుర్చీ గోడ వైపు తిప్పుకుని పేపర్లు దిద్దేదాన్ని. మళ్ళీ నేనే లేచి తిప్పేదాన్ని.

1985 వేసవిలో మా మామగారు సీతారామయ్యగారు కాకినాడ నుంచి వచ్చారు. పోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరయినవారు. డెబ్బై ఆరేళ్ళు. గుండెకు మందులు వాడుతున్నారు. మా అత్తగారు రాజేశ్వరమ్మగారు కొడుకు వార్త విన్న ఏడాదికే పోయారు. జగన్ ఒక్కడే సంతానం.

ఎయిర్‌పోర్టులో ఆయన పెట్టె విప్పించారు. ఆవకాయ సీసాను మూత తీసి వాసన చూసి వదిలేశారు. దాని కింద ఉన్న ఎండుగడ్డి కట్టతో వచ్చింది తంటా.

"ఏమిటిది?"

"దర్భ," అన్నారు మామయ్యగారు.

"పశువుల మేతా?"

"పశువులు తినవు. దేవుడి పనికి," అన్నారు ఆయన తన పోర్టు ఇంగ్లీషులో.

ఆ ఉద్యోగి ఇంకొకతన్ని పిలిచాడు. ఇద్దరూ కూడబలుక్కుని కట్టను చెత్తబుట్టలో పడేశారు. మామయ్యగారు నా వైపు చూడకుండా పెట్టె సర్దుకున్నారు. నెల నెలా అమావాస్య తర్పణాలకు అంత దర్భ అక్కర్లేదు. ఎందుకు తెచ్చారో నాకు అక్కడే తెలిసిపోయింది.

శరీరం దొరకని మనిషికి మాలో ఒక పద్ధతి ఉంది. దర్భతో మనిషి బొమ్మ చేసి, పోయినవారి పేరుతో దాన్ని దహనం చేసి, ఆ మీదట చేయాల్సిన కర్మ అంతా చేస్తారు. అది జరిగేదాకా ఆ మనిషి పితృదేవతల్లో కలవడు. ఏ తర్పణంలోనూ అతని పేరు చెప్పకూడదు. కొడుకులు లేరు కనక మా ఇంట్లో అది చేయాల్సింది తండ్రే. ఆయన తర్వాత చేసేవాళ్ళు లేరు.

వచ్చిన కొన్నాళ్ళకు, ఒక ఆదివారం ఇద్దరం చిక్కుళ్ళు వలుస్తుండగా ఆయనే ఆ మాటెత్తారు.

"అనంతా, కొందరు పన్నెండేళ్ళు చూడమంటారు. చూడొచ్చు. కానీ నా దగ్గర అన్నేళ్ళు లేవు. నవంబర్‌లో వెళ్ళిపోతాను, మళ్ళీ ఇంత ప్రయాణం చేయలేను. నువ్వు ఒప్పుకుంటే ఇక్కడే, వాడు పోయిన నీళ్ళ దగ్గరే చేసి వెళ్తాను. ఒప్పుకోకపోతే లేదు."

"చేసేది మీరు. నన్నడగడం ఎందుకు మామయ్యగారూ?"

"నువ్వింకా ఎదురు చూస్తూ ఉంటే వాణ్ణి నేనెలా తగలబెడతానమ్మా?"

చిక్కుడుకాయ ఈనె తీస్తూ ఉండిపోయాను. "ఆలోచిస్తాను" అన్నాను చివరికి. ఆయన తలూపారు. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. రోజూ పొద్దున్నే లేచి, సంధ్యావందనం చేసుకుని, నేను స్కూలుకు వెళ్ళేలోగా ఉప్మా కలియబెట్టి, మూత పెట్టి ఉంచేవారు. అడిగి ఉంటే బాగుండేది. అడగకుండా ఉండటం నాకు ఎక్కువ బరువుగా ఉండేది.

ఇద్దరం ఉన్న ఇంట్లో మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా. ఆయన ఓడలతో బతికిన మనిషి. సెప్టెంబర్‌లో బడి తెరిచాక, ఆ ఏడూ చెబుతున్న విడా పాఠం కోసం చదువుకున్నది సాయంత్రాలు ఆయనకు చెప్పడం మొదలుపెట్టాను.

"ఎన్ని టన్నుల ఓడ?" అన్నది ఆయన మొదటి ప్రశ్న.

"మూడు వందలని రాశారు."

"బుజ్జి ఓడ. సరే, కానీ."

లండన్‌లో 1715లో కట్టారు. ఆఫ్రికా పడమటి తీరాన విడా అనే రేవు ఉంది. ఆ రేవు పేరే ఓడకు పెట్టారు, ఎందుకంటే వెళ్ళేది అక్కడికే. అక్కడ మనుషుల్ని కొని, గొలుసులు వేసి, కరేబియన్ దీవులకు తెచ్చి అమ్మి, అక్కడి చక్కెర, నీలిమందు, వెండి, బంగారం నింపుకుని లండన్‌కు తిరిగి వెళ్ళాలి. అది దాని పని.

"అయితే దొంగలు ఎక్కకముందే అది దొంగల ఓడ," అన్నారు మామయ్యగారు.

ఆ వాక్యం నేను మర్నాడు క్లాసులో వాడుకున్నాను. పిల్లలకు అంతగా ఎక్కలేదు.

1717 ఫిబ్రవరిలో, విడా మనుషుల్ని అమ్మేసి తిరిగి వెళ్తుండగా, బెల్లమీ అనే దొంగల నాయకుడు దాన్ని మూడు రోజులు తరిమి పట్టుకున్నాడు. అతనికప్పటికి ముప్పై ఏళ్ళు లేవు. తోటి దొంగలు ఓటు వేసి అతన్ని కెప్టెన్‌గా ఎన్నుకున్నారు. విడా కెప్టెన్‌ను చంపలేదు. తన పాత ఓడ అతనికిచ్చి పంపించి, కొత్త ఓడ తాను తీసుకున్నాడు.

"మర్యాదస్తుడే. మీ ఎయిర్‌పోర్టు వాళ్ళు గడ్డి తీసుకుని ఏమిచ్చారు?"

నేను నవ్వాను. ఆ ఇంట్లో నవ్వు వినిపించి చాలా రోజులైంది. మా ఇద్దరికీ అది తెలిసింది.

తర్వాతి సాయంత్రం తుఫాను చెప్పాను. ఏప్రిల్ చివరి రోజులు. బెల్లమీ ఉత్తరానికి వస్తూ కేప్ కాడ్ దగ్గర ఈశాన్యపు గాలివానలో చిక్కుకున్నాడు. ఓడ ఇసుక దిబ్బకు కొట్టుకుని విరిగింది.

"ఒడ్డు ఎంత దూరం?"

"దగ్గరే. కేక వేస్తే వినిపించేంత."

"ఆ గాలిలో కేక వినిపించదు," అన్నారు ఆయన. "నీళ్ళు చల్లనివి కూడాను. ఎంతమంది వచ్చారు?"

"ఇద్దరు. థామస్ డేవిస్ అనే వడ్రంగి. జాన్ జూలియన్ అనే అతను, మధ్య అమెరికా తీరంలో మిస్కిటో జాతి మనిషి. డేవిస్ ఆ చీకట్లో ఈది, గుట్ట ఎక్కి, నడిచి నడిచి తెల్లారేసరికి ఒక రైతు ఇంటికి చేరాడు. రైతు వెంటనే గుర్రాన్ని బండికి కట్టాడు."

"వైద్యుణ్ణి తేవడానికి."

"కాదు. ఓడ సామాను తెచ్చుకోవడానికి."

మామయ్యగారు దగ్గు వచ్చేదాకా నవ్వారు. "మా తీరంలోనూ అంతే. ముందు కలప, తర్వాతే మనుషులు. మరి వడ్రంగి?"

డేవిస్‌ను బాస్టన్‌లో విచారించారు. అతన్ని దొంగలు బలవంతంగా ఉంచుకున్నారని నమ్మి వదిలేశారు. ఆ తుఫాను రాత్రే మరో చిన్న ఓడలో చిక్కిన బెల్లమీ ముఠా దొంగల్లో ఆరుగుర్ని తర్వాత ఉరితీశారు. జూలియన్‌ను బానిసగా అమ్మారని అంటారు. ఇవన్నీ చెప్పి, చెప్పదలచుకున్న మాటకు వచ్చాను.

"ఎవరూ బతకరనుకున్న చోట ఇద్దరు బతికారు, చూశారా మామయ్యగారూ."

 ఆయన పంచె అంచుతో కళ్ళజోడు తుడుచుకున్నారు.

"బతికినవాడు తెల్లారేసరికి ఎవరిదో తలుపు తట్టాడు కదమ్మా," అన్నారు.

నేను లేచి వెళ్ళి గిన్నెలు తోమాను. కడిగినవే మళ్ళీ కడిగాను. వరండాలోంచి ఆయన పిలవలేదు. చాలాసేపటికి వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డారు.

"మిగతావాళ్ళ సంగతి చెప్పలేదు నువ్వు."

"నూటికి పైగా శరీరాలు ఒడ్డుకొచ్చాయి. ఊరివాళ్ళు పూడ్చిపెట్టారు. గవర్నరు ఒక పటాలు గీసే ఆయన్ని పంపితే, ఆయన పటం మీద ఆ సంగతి రాశాడు. ఎక్కడ పూడ్చారో ఇప్పుడెవరికీ తెలియదు."

"పేర్లు?"

"కొన్నే తెలుసు."

"దివిసీమ ఉప్పెనకి నేను వెళ్ళాను, తెలుసుగా? రిటైరయినా ఊరుకోలేక పోర్టు కుర్రాళ్ళతో లారీ ఎక్కాను. ఎవరు ఎవరో తెలిసే స్థితి లేదు. కిరసనాయిలు పోసి కలిపి కాల్చాం. ఒకాయన తన వాళ్ళు ఏ మంటలో ఉన్నారో తెలియక ఒక్కొక్క దాని దగ్గరికీ వెళ్ళి దణ్ణం పెట్టుకుంటూ పోయాడు. నేను వెనకాలే నడిచాను, పడిపోతాడేమోనని." ఆగారు. "అది నవంబర్. ఫిబ్రవరిలో నీ టెలిగ్రాం వచ్చింది."

నేను కుళాయి కట్టేశాను. ఒకే ఓడ గురించి ఇన్నాళ్ళు చెప్పుకున్నాం. నేను ఆ ఇద్దరి వైపు చూస్తూ చెప్పాను. ఆయన మిగిలినవాళ్ళ వైపు చూస్తూ విన్నారు.

కేప్ కాడ్‌లో ఇంకో కథ కూడా చెబుతారు. బెల్లమీ కోసం ఒక అమ్మాయి ఆ గుట్టల మీద ఎదురు చూసేదని. దానికి ఆధారాలు లేవు. క్లాసులో చెప్పను. మామయ్యగారికీ చెప్పలేదు.

అది చెప్పింది శాంతి. శాంతిది వరంగల్. వూస్టర్‌లో కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం. ఇక్కడ నన్ను అక్కా అని పిలిచేది తనొక్కతే. అక్టోబర్‌లో ఒక శనివారం డ్రైవ్ చేసుకుని వచ్చి, బూట్లు విప్పుతూనే మొదలుపెట్టింది.

"అక్కా, పేపర్ చూసినవా? నీ ఓడ గంట దొరికిందట! దాని మీద పేరు కూడా ఉందట, 'ది విడా గ్యాలీ, 1716' అని. ఇన్ని రోజులు అదే ఓడ అని గ్యారంటీ ఏందన్నోళ్ళందరు నోరు మూసుకున్నరు."

"మనుషుల పేర్లేమైనా ఉన్నాయా తల్లీ?" అన్నారు మామయ్యగారు.

"గంట మీద మనుషుల పేర్లెందుకుంటయ్ అంకుల్?" అంది శాంతి, కాఫీ అందుకుంటూ. "అసలు ఇంట్రెస్టింగ్ పార్ట్ అక్క మీకు చెప్పిందా? ఆ కెప్టెన్‌కు లవర్ ఉండెనట. రోజూ గుట్టెక్కి సముద్రం దిక్కు చూసేదట. చూసీ చూసీ పిచ్చిదైపోయింది, ఊరోళ్ళు మంత్రగత్తె అన్నరట. అది స్కిప్ చేసి టన్నులు, తారీఖులు చెప్పుకుంట కూర్చున్నరా మీరిద్దరు?"

అని, నా మెడ వైపు చూసి, నాలిక కరుచుకుంది.

"కాఫీ చల్లారుతోందమ్మా," అన్నారు మామయ్యగారు.

శాంతి కాఫీ తాగింది. గొంతు తగ్గించి, వచ్చిన పని చెప్పింది. తన ఇంట్లో వ్రతానికి పిట్స్‌బర్గ్ నుంచి పంతులుగారు వచ్చే వారాంతం వస్తున్నారు. దర్భ ఆయనే తెస్తారు. మామయ్యగారు చేయాల్సిన ఆ కర్మ మొదలుపెట్టించడానికి ఆయన ఇంకా కొన్ని రోజులు ఉండాలంటే టికెట్ మార్చాలి.

"సోమవారం లోపల చెప్పాలక్కా. చేంజ్ చేయమంటవా, వద్దా?"

"చెబుతాను."

"ఎప్పుడు చెప్తవ్?"

"చెబుతానన్నాను కదా శాంతీ."

మామయ్యగారు కల్పించుకుని మాట మార్చారు. పెద్దల అమావాస్య వచ్చిందనీ, ఈసారి తర్పణం సముద్రం దగ్గర, ఆ ఓడ ఉన్న చోట ఇవ్వాలని ఉందనీ అన్నారు.

"మండే కదా అంకుల్ అమావాస్య? క్యాలెండర్ల చూసిన. హాలిడే కూడా. నేనే తీసుకపోత."

"అది కాకినాడ సోమవారమమ్మా. అక్కడ సోమవారం పొద్దున అమావాస్య వెళ్ళిపోయేసరికి మనకిక్కడ ఆదివారం అర్ధరాత్రి. మనం రేపే వెళ్ళాలి."

"అమావాస్యకు కూడా జెట్‌లాగా!"

ఆమె వెళ్ళేటప్పుడు గుమ్మంలో నన్ను గట్టిగా పట్టుకుంది.

మర్నాడు ఇద్దరమే బయలుదేరాం. దారి పొడుగునా ఆకులు ఎర్రబడి ఉన్నాయి. మామయ్యగారు వాటిని చూస్తూ కూర్చున్నారు. వంతెన దాటాక నేనే నోరు విప్పాను.

"ఆయన పేరు చెప్పకండి మామయ్యగారూ. ఈవేళ."

"చెప్పనమ్మా. కర్మ జరగనిదే చెప్పకూడదు కూడా."

వెల్‌ఫ్లీట్ దగ్గర కారు ఆపి, చెక్క మెట్ల మీదుగా దిగాం. వెనక ఎత్తయిన ఇసుక గుట్టలు. ఎదురుగా బూడిద రంగు నీళ్ళు. దూరంగా ఒక పడవ లంగరు వేసి ఉంది. ఓడను తవ్వుతున్నవాళ్ళదో, చేపలవాళ్ళదో తెలియలేదు. మామయ్యగారు కోటు, మంకీ క్యాప్ విప్పి నా చేతికిచ్చారు. పంచెతో, ఒంటి మీద కండువాతో తడి ఇసుక మీద దక్షిణంగా తిరిగి కూర్చున్నారు. దర్భ లేదు కనక వేలికి బంగారు పవిత్రం పెట్టుకున్నారు. జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకుని, అరచేతిలో నువ్వులు వేసుకున్నారు. చెంబులో సముద్రపు నీళ్ళు నేనే ముంచి ఇచ్చాను. వేళ్ళు కొంకర్లు పోయాయి.

కుక్కతో నడుస్తున్న ఒకావిడ ఆగింది.

"ఆయనకేమైనా సాయం కావాలా? ఈ చలిలో చొక్కా లేకుండా!"

"ప్రార్థన చేస్తున్నారు. వాళ్ళ నాన్నగారి కోసం."

ఆవిడ ఆయన తెల్లజుట్టు చూసింది. "ఈమధ్యే పోయారా?"

"నలభై ఏళ్ళయింది."

ఆవిడ ఇంకేమీ అడగకుండా కుక్క గొలుసు దగ్గరికి లాక్కుని, మాకు దూరంగా చుట్టు తిరిగి వెళ్ళింది.

ఆయన ఒక్కొక్కరినీ గోత్రంతో, పేరుతో పిలుస్తూ బొటనవేలి పక్కనుంచి నీళ్ళు వదులుతున్నారు. తండ్రి. తాత. ముత్తాత. తల్లి, ఆమె అత్తగారు, ఆమె అత్తగారు. ఆ పేర్లన్నీ కోడలిగా నాకు కంఠతా వచ్చు. తర్వాత మా అత్తగారి పేరు చెప్పారు. ఆ వెంట రావలసిన పేరు ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు. కోటును దగ్గరగా హత్తుకుని నిలబడ్డాను. ఆయన మాట తప్పలేదు. ఆ పేరు దాటేసి, మేనమామకు, బావమరిదికి, చదువు చెప్పిన గురువుకు ఇచ్చారు.

అయిపోయిందనుకుని దగ్గరికి వెళ్ళాను. ఆయన లేవలేదు. జంధ్యాన్ని దండలా మెడలోకి మార్చుకుని, రెండు చేతులూ దోసిలిగా పట్టారు.

"ఇంకొంచెం పొయ్యమ్మా."

పోశాను. "ఇది ఎవరికి?"

"తల్లీ, తండ్రీ, చుట్టం ఎవరూ లేనివాళ్ళకి. పేరూ గోత్రం చెప్పి పిలిచే దిక్కు లేనివాళ్ళకి. చివర్న వీళ్ళకి ఒక దోసెడు ఇచ్చి లేస్తాం. నీ ఓడవాళ్ళు వస్తారు ఇందులో, ఆ నూరుమందీ. ఆ ఓడ అమ్మేసిన మనుషులూ వస్తారు." నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారుతున్నాయి. "మనవాడికీ ఇందులోనే."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"పేరు పెట్టి ఇవ్వడానికి లేదు కదా. ఈ ఏడేళ్ళూ ప్రతి అమావాస్యకీ వాడికి ఇస్తున్నది ఈ నీళ్ళే. ఇంకెలా ఇవ్వను?"

ఆయన మామూలుగానే చెప్పారు. నా మీద నింద ఏమీ లేదు అందులో. కాకినాడలో ఆయన ఒంటరిగా పీట మీద కూర్చుని, తాతముత్తాతలందరినీ పేరు పేరునా పిలిచి, కన్నకొడుకు దగ్గరకు వచ్చేసరికి నోరు మూసుకుని, ఊరూ పేరూ లేనివాళ్ళ వెనక వాణ్ణి నిలబెట్టి ఇంత నీళ్ళు వదలడం నాకు కనిపించింది. నెల నెలా. నేను ఇక్కడ పడవలు చూస్తున్న రోజుల్లో. నా భర్త బతికే ఉన్నారని నేను అనుకుంటున్నంత కాలం, ఆయన ఉన్న చోటు అది.

"ఆయనకు తండ్రి ఉన్నారు," అన్నాను. "నేనున్నాను."

"ఉన్నాం."

"ఆ నీళ్ళలో ఆయన్ని కలపకండి మామయ్యగారూ."

"మరి ఎందులో కలపమంటావు అనంతా?"

అల ఒకటి వచ్చి ఆయన మోకాళ్ళు తడిపి వెళ్ళింది. దోసిట్లో నీళ్ళన్నీ కారిపోయాయి. ఆయన చేతులు అలాగే పట్టుకుని, నేను జవాబు చెప్పేదాకా అక్కడే కూర్చునేటట్టు ఉన్నారు. చలికి భుజాలు వణుకుతున్నాయి.

"ఇంటికి వెళ్ళగానే శాంతికి ఫోన్ చేస్తాను," అన్నాను. "పంతులుగారి టికెట్ మార్చమని చెబుతాను."

ఆయన నా ముఖం వైపు చూడలేదు. అది ఆయన మంచితనం. చెంబు వైపు చూపించారు. నేను మళ్ళీ సముద్రంలో ముంచి తెచ్చి ఆయన దోసిలి నింపాను.

"అయితే ఇది వాళ్ళకి మాత్రమే," అని, దక్షిణం వైపు ఒక్కసారే వదిలేశారు.

పవిత్రం తీసి, ఆచమనం చేసి లేచారు. లేచేటప్పుడు నా చేయి పట్టుకున్నారు. కోటు తొడిగాను, గుండీలు పెట్టాను. మెట్ల దాకా నడిచి, కింది మెట్టు మీద ఆయాసం తీర్చుకోవడానికి కూర్చున్నారు. నేను ఎదురుగా ఇసుకలో నిలబడ్డాను. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. అడగాల్సినవి అడిగి తెలుసుకోవాలనిపించింది, మర్నాటి పాఠానికి సిద్ధమవుతున్నప్పటిలా.

"బొమ్మ ఎంత పొడుగు చేయాలి?"

"మనిషంత. వాడు నాకంటే నాలుగు వేళ్ళు ఎత్తు."

"నాలుగు వేళ్ళు కాదు. ఇంకా ఎక్కువ."

"గోడకి నిలబెట్టి నేనే గీత గీశాను కదమ్మా, కాలేజీలో చేరేటప్పుడు."

"ఆ తర్వాత పెరిగారు. కాకినాడలో మన పెరటి గుమ్మంలో తల వంచి వచ్చేవారు. రెండుసార్లు తగిలించుకున్నారు కూడా."

"మన పెరటి గుమ్మంలోనా?" ఆయన కాసేపు ఆలోచించారు. "నేను చూసుకోలేదు. అయితే ఎంతుంటాడంటావు?"

నా తల మా ఆయన భుజం దగ్గరికి వచ్చేది. అక్కడి నుంచి పైకి మెడ, గడ్డం, నుదురు. అరచేయి చదునుగా పెట్టి, తగ్గించి, మళ్ళీ కొంచెం పెంచి, ఒక చోట ఆపాను. గాలికి కదలకుండా రెండో చేత్తో మోచేయి పట్టుకున్నాను.

మామయ్యగారు మెట్టు మీంచి లేచి వచ్చి, ఎదురుగా నిలబడి, నా చేతి కింద ఉన్న చోటు వైపు తలెత్తి చూశారు.

"అంత పొడుగా?" అన్నారు.

"అంత ఉండేవారు," అన్నాను.